నాచు పోయిన ఏడు తాటిచెట్టే దిక్కు: రోటే దీవిలో ఒక ఊరి కేస్ స్టడీ

ఇండోనేషియాలో జనం స్థిరంగా ఉండే దీవుల్లో అన్నిటికన్నా దక్షిణాన ఉన్నది రోటే. తిమోర్ దీవికి నైరుతి కొసన ఉంటుంది. తిమోర్‌లోని కుపాంగ్ నగరంలో స్పీడ్ బోటు ఎక్కితే రెండు గంటల్లో రోటేలోని బాఅ రేవులో దిగొచ్చు. లారీలు, మోటార్ సైకిళ్లు, మేకలు, సిమెంటు బస్తాలు ఎక్కించుకుని వచ్చే పెద్ద ఫెర్రీకి సగం రోజు పడుతుంది. జనవరి, ఫిబ్రవరి నెలల్లో పడమటి గాలి పట్టుకుందంటే రెండూ ఆగిపోతాయి. అప్పుడు దీవిలో ఉన్నవాళ్లు దీవిలోనే ఉండిపోవాలి. నేను పనిచేసిన ఊరు పడమటి తీరాన ఉంది. ఒక ఇంటి అప్పులు, ఆదాయాల లెక్కలు ఇందులో రాస్తున్నాను కాబట్టి ఊరి పేరు చెప్పను.

తీరప్రాంత గ్రామాల్లో జీవనోపాధుల పని నాది. ప్రాజెక్టు కాగితాల్లో ఈ ఊరిని సముద్రపు నాచు గ్రామం అని రాసుకున్నారు. ఆ మాట నిజమే కానీ అది సగం నిజం. నాచు దెబ్బతిన్న ప్రతిసారీ ఈ ఊరికి అన్నం పెట్టింది తాటిచెట్టు. ఆ సంగతి ఏ కాగితంలోనూ లేదు. ఇప్పుడు ఆ చెట్టెక్కే కుర్రాళ్లు దొరకడం లేదు. ఊరి భవిష్యత్తు గురించి నాకున్న బెంగ అంతా ఇదే.

ముందు నేల సంగతి. వాన డిసెంబర్ నుంచి మార్చి దాకా పడుతుంది, మిగతా ఎనిమిది నెలలు ఎండే. సున్నపురాయి మీద పల్చటి మట్టి. మొక్కజొన్న, కొంచెం వరి, పెసలు వేస్తారు. వాన రెండు వారాలు వెనక్కి పోతే మొక్కజొన్న కంకి పట్టదు. రోటే ఉన్న తూర్పు నుసా తెంగారా ప్రావిన్స్ దేశంలోని పేద ప్రావిన్సుల్లో ఒకటి. 2023 లెక్కల ప్రకారం ఇక్కడ అయిదుగురిలో ఒకరు దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నారు. 2022 జాతీయ సర్వేలో అయిదేళ్లలోపు పిల్లల్లో వయసుకు తగ్గ ఎత్తు లేనివాళ్లు 35.3 శాతం. దేశం సగటు 21.6. ఈ అంకెలు చదివి ఊళ్లోకి వెళ్తే మాత్రం టైల్స్ వేసిన ఇళ్లు, వాకిట్లో మోటార్ సైకిళ్లు కనిపిస్తాయి. ఆ ఇళ్ల వెనకే తాటాకు కప్పిన వంటపాక, పందుల దొడ్డి ఉంటాయి. నాచు బాగా పండిన ఏడు టైల్స్ వచ్చాయి. వంటపాక ఎప్పటిదో.

రోటే వాళ్లు లోంతార్ అనేది మన తాటిచెట్టునే. అదే జాతి చెట్టు. గోదావరి జిల్లాల్లోనో, నల్లగొండ వైపో పెరిగిన మనిషికి ఈ దీవిలో దిగగానే సొంత ఊరి పొలిమేర కనిపించినట్టు ఉంటుంది. అయితే మనకు తాటిచెట్టంటే కల్లు, ముంజలు, తేగలు, కాస్త బెల్లం. వీళ్లకది తిండి. వానలు తగ్గాక గీత మొదలవుతుంది. పోతుతాళ్లు, పెంటితాళ్లు రెండూ గీస్తారు. చెక్క పట్కారుతో గెలల్ని రోజుల తరబడి నొక్కి మెత్తబరిచి, కొసలు పల్చగా చెక్కి, తాటాకుతో మడిచి కట్టిన దొన్నెలు వేలాడదీస్తారు. ఒక్కో మనిషి పదిహేను ఇరవై చెట్లు, పొద్దునా సాయంత్రం రెండుసార్లూ ఎక్కి దిగుతాడు. దించిన రసంలో కొంత అప్పుడే తాగేస్తారు. మిగిలింది ఆడవాళ్లు మట్టిపొయ్యి మీద వరసగా కుండలు పెట్టి గంటలకొద్దీ కాస్తారు. తేనెలా చిక్కబడ్డాక జాడీల్లోకి పోస్తారు. దాని పేరు గులా ఆయిర్. నెలల తరబడి చెడిపోదు. నీళ్లు కలుపుకుని తాగితే ఒక పూట గడిచినట్టే. మిగిలిన రసం, ముంజకాయల పిప్పి పందులకు పోతాయి. పంది పెరిగితే పెళ్లికీ చావుకీ చేతిలో ఆస్తి ఉన్నట్టు. ఆకుతో ఇంటి కప్పు, టోపీ, బుట్ట చేస్తారు. ఈ దీవి పేరు చెప్పగానే అందరికీ గుర్తొచ్చే సాసాందో వాయిద్యానికి వెనక గుమ్మటంలా నిలబెట్టేదీ తాటాకే.

వాన మీద ఆధారపడని తిండి ఇది. మొక్కజొన్న ఎండిపోయిన ఏడు కూడా తాటిచెట్టు రసం ఇస్తుంది, ఎండ ముదిరితే ఇంకా బాగా ఇస్తుంది. పక్క దీవుల్లో కరువొచ్చినప్పుడు రోటే వాళ్లు పస్తులుండకుండా నెట్టుకొచ్చింది దీనివల్లే.

ఇక నాచు. ఈ తీరంలో 2000 చుట్టుపక్కల నుంచి ఊపందుకుంది. కప్పాఫైకస్ అనే ఎర్ర నాచు జాతి. దాన్నుంచి తీసే కారాజీనన్‌ను ఐస్‌క్రీం, టూత్‌పేస్ట్, ప్యాకెట్లలో అమ్మే మాంసం చిక్కబడడానికి వాడతారు. ప్రపంచంలో ఈ రకం నాచు ఎక్కువగా పండేది ఇండోనేషియాలోనే. ఎండబెట్టిన సరుకులో చాలా భాగం చైనాకు పోతుంది. సాగు చూడ్డానికి తేలిక. పగడపు దిబ్బ లోపలి లోతు తక్కువ నీళ్లలో గుంజలు పాతి తాళ్లు కడతారు. తాడుకు జానెడు ఎడంలో గుప్పెడు నాచు ముక్క చొప్పున ముడి వేస్తారు. తేలడానికి ఖాళీ ప్లాస్టిక్ సీసాలు కడతారు. నలభై, నలభై అయిదు రోజులకు ముక్క పొదంత అవుతుంది. కోసి, ఎండబెట్టి అమ్ముతారు. విత్తనం కొనక్కర్లేదు, కోసినదాంట్లోంచే తీసి మళ్లీ కడతారు. ఎరువు లేదు, పురుగుమందు లేదు, పొలం కౌలు లేదు. ఏడాదికి ఆరేడు పంటలు.

కష్టం ముడుల దగ్గర ఉంది. నేను ఎక్కువగా కూర్చున్న ఇంట్లో సాయంత్రమయ్యేసరికి ఇంటావిడ, ఆవిడ అత్తగారు, స్కూలు నుంచి వచ్చిన పిల్లలు, పక్కింటి ఇద్దరు ముగ్గురు అమ్మాయిలు తాటాకు చాప మీద చేరేవాళ్లు. మధ్యలో తడి నాచు కుప్ప. ఒక చేత్తో ముక్క తుంచి, రెండో చేత్తో సన్నటి దారం ముడి బిగించి తాడును ముందుకు జరుపుతారు. బిగువు ఎక్కువైతే ముక్క తెగుతుంది, తక్కువైతే అల జార్చేస్తుంది. ఉప్పు నీళ్లకు వేళ్ల చివర్లు ఒరుసుకుపోయి ఉంటాయి. తాళ్లు కట్టడానికి, కోయడానికి పౌర్ణమి, అమావాస్యల దగ్గరి పెద్ద పాటు కావాలి. అది రాత్రిపూట పడితే నెత్తికి లైటు కట్టుకుని నీళ్లలో నడుస్తారు. పగడపు రాయి కోసిన గాట్లు ఆవిడ కాళ్ల నిండా ఉన్నాయి.

ఈ ఇంటినే కేసుగా తీసుకోవడానికి కారణం ఆవిడ రాసుకున్న నోట్‌బుక్. స్కూలు పిల్లల గీతల పుస్తకం. తేదీ, ఎన్ని కిలోలు, కిలో ఎంత, ఎవరికి అమ్మింది, చేతికి ఎంత వచ్చింది, ఎంత పాత బాకీలో పోయింది, అన్నీ ఉన్నాయి. ఇలాంటి పుస్తకం ముందు మా సర్వే ఫారాలు వెలవెలబోతాయి. భర్త చేపలు పడతాడు, తాటిచెట్లు ఎక్కుతాడు. ముగ్గురు పిల్లలు. పెద్దమ్మాయి కుపాంగ్‌లో నర్సింగ్ చదువుతోంది. ఆ ఫీజు కట్టేది నాచు.

ఊరి చరిత్రను ఇక్కడివాళ్లు రెండుగా చెప్తారు, నూనె రాకముందు, నూనె వచ్చాక అని. 2009 ఆగస్టు 21న తిమోర్ సముద్రంలో ఆస్ట్రేలియా వైపు మోంటారా చమురు బావి పగిలింది. రోటేకి అది దాదాపు 250 కిలోమీటర్ల దూరం. రెండున్నర నెలలు ముడి చమురు సముద్రంలోకి పోతూనే ఉంది. ఆ రోజుల్లోనే ఇక్కడి నాచు తెల్లబడి, ముద్దయి, తాళ్ల మీంచి జారిపోయింది. మళ్లీ కట్టారు, మళ్లీ పోయింది. విత్తనం కూడా మిగల్లేదు. ఏం జరిగిందో చెప్పడానికి కొన్నాళ్లదాకా ఎవరూ రాలేదని ఊళ్లో ఇప్పటికీ అంటారు.

2016లో రోటే రైతు దానియెల్ సాండా పేరు మీద 15 వేల మందికి పైగా నాచు రైతుల తరఫున ఆస్ట్రేలియా ఫెడరల్ కోర్టులో కేసు పడింది. ఆ బావిని నడిపిన థాయ్ చమురు కంపెనీ పీటీటీఈపీ ఆస్ట్రేలియా శాఖ నిర్లక్ష్యంగా వ్యవహరించిందనీ, నూనె రోటే తీరానికి చేరి నాచును చంపిందనీ 2021 మార్చిలో కోర్టు తీర్పు చెప్పింది. సాండాకు 25 కోట్ల ఇండోనేషియా రుపయాలకు పైగా నష్టం జరిగినట్టు లెక్కగట్టింది. మన డబ్బుల్లో పదమూడు లక్షల చుట్టుపక్కల. 2022 నవంబర్‌లో తప్పు ఒప్పుకోకుండానే మొత్తం రైతులకు 19.25 కోట్ల ఆస్ట్రేలియన్ డాలర్లు ఇవ్వడానికి కంపెనీ రాజీ కుదుర్చుకుంది. ఒక మారుమూల దీవి రైతులు సరిహద్దు అవతలి కోర్టులో గెలిచారు. ఇది చిన్న విషయం కాదు, ఇది చెప్పేటప్పుడు ఊరివాళ్ల గొంతు మారిపోతుంది. కానీ నూనె వచ్చినప్పుడు ఆరో క్లాసులో ఉన్న పిల్ల, రాజీ కుదిరేనాటికి ఇద్దరు పిల్లల తల్లి. పరిహారం ఏ రోజుకి అవసరమో ఆ రోజుకి రాలేదు.

మరి మధ్యలో అన్నేళ్లు ఏం తిన్నారు? నేను ఊళ్లో ప్రతి ఇంట్లో అడిగిన ప్రశ్న ఇదే. ఈ ఇంటాయన జవాబు: "ఏం తింటాం పాక్ (అయ్యా), చెట్టెక్కాను. అప్పటికి మా నాన్న ఉన్నాడు, వదిలేసిన చెట్లు కూడా మళ్లీ గీశాం. పాకం తాగాం, మిగిలింది అమ్మి బియ్యం కొన్నాం." తాటిచెట్లు లేని ఇళ్ల నుంచి జనం బయటికి పోయారు. ఇంటావిడ చెల్లెలు ఏజెంటు మాట నమ్మి మలేషియాకు ఇంటిపనికి వెళ్లింది. ఆమె తిరిగొచ్చింది, అదృష్టం. ఈ ప్రావిన్స్ నుంచి వెళ్లినవాళ్లలో ఏటా పదుల సంఖ్యలో శవపేటికల్లో కుపాంగ్ విమానాశ్రయానికి వస్తారు. దీవి తూర్పు కొసన జాలర్లు మరో దారి చూసుకున్నారు. 1974 ఒప్పందం ప్రకారం ఆస్ట్రేలియా జలాల్లో అష్మోర్ దిబ్బ చుట్టుపక్కల తెరచాప పడవలతో చేపలు పట్టే హక్కు వాళ్లకుంది. హద్దు దాటి పట్టుబడితే పడవ పోయేది. శరణార్థుల పడవల మీద వంటకీ సరంగు పనికీ కుర్రాళ్లను కూలికి పెట్టుకున్నది కూడా ఆ ఏళ్లలోనే. ఇండోనేషియా దీవుల నుంచి అలా వెళ్లి దొరికిన మైనర్ పిల్లల్ని పెద్దవాళ్ల జైళ్లలో పెట్టినందుకు 2023లో ఆస్ట్రేలియా ప్రభుత్వం పరిహారానికి ఒప్పుకుంది.

నాచు మెల్లగా తిరిగొచ్చింది. తీర్పు వచ్చిన మరుసటి నెల, 2021 ఏప్రిల్ మొదటి వారంలో, సెరోజా తుఫాను ఆ తాళ్లన్నిటినీ ఊడ్చుకుపోయింది. 2022లో ధర ఆకాశానికి లేచి ఎండు నాచు కిలో 30 వేల రుపయాలు దాటింది. ఆవిడ పుస్తకంలో ఆ ఏడాది పేజీలు నిండుగా ఉన్నాయి, బాకీ గడి మొదటిసారి ఖాళీ. టైల్స్ వేయించింది, మోటార్ సైకిల్ కొన్నారు, కూతురు కాలేజీలో చేరింది. మరుసటి ఏడు ధర అందులో సగం కూడా లేదు. మోటార్ సైకిల్ వాయిదాలు, ఫీజు మాత్రం తగ్గలేదు కదా.

మేం ఈ ఊళ్లో అడుగుపెట్టింది ఆ ధర పడిన ఏడే. అప్పజెప్పిన పని నాచు దిగుబడి పెంచడం. పుస్తకం చదివాక, ఊళ్లో పదిమందితో మాట్లాడాక పని స్వరూపం మార్చమని పై ఆఫీసుకు రాశాను. ఇక్కడ లోటు దిగుబడిలో లేదు. ఇంటి ఖర్చులన్నీ నెల నెలా వస్తాయి, ఆదాయం మాత్రం ఒకే పంట మీద, ఒకే కొనుగోలుదారు మీద, ఒకే సముద్రం మీద వేలాడుతోంది. ఒప్పుకోవడానికి కొంత టైమ్ పట్టింది కానీ ఒప్పుకున్నారు.

మొదట పెట్టినది ఎండబెట్టే మంచెలు. అంతకుముందు ఇసుక మీద టార్పాలిన్ పరిచి ఆరబెట్టేవాళ్లు. ఇసుక, గవ్వ ముక్కలు అంటేవి, వాన చినుకు పడితే ఉప్పు కడిగేసుకుపోయి నాచు రంగు మారేది. వ్యాపారి తేమకింత, చెత్తకింత అని తరుగు తీసేవాడు. నడుమెత్తు మంచె మీద వల పరిచి ఆరబెడితే గాలి కింద నుంచీ ఆడుతుంది, సరుకు శుభ్రంగా ఉంటుంది. వెదురు, తాటి దూలాలు ఊళ్లోవే. మంచెలు పెట్టాక తరుగు దాదాపు ఆగిపోయింది. ఇంత చిన్న పనికి ఇంత ఫలితం రావడం నా పనిలో అరుదు.

రెండోది విత్తనం. నూనెప్పుడూ తుఫానప్పుడూ అందర్నీ దెబ్బకొట్టింది విత్తనం మిగలకపోవడమే. నీళ్లు వేడెక్కినా, వాననీరు ఎక్కువ కలిసినా ఐస్-ఐస్ అనే తెగులు వచ్చి కొమ్మలు తెల్లబడి విరిగిపోతాయి. అన్ని ఇళ్ల తాళ్లూ ఒకే చోట ఉంటే అన్నీ ఒకేసారి పోతాయి. దిబ్బ లోపల కొన్ని, దిబ్బ బయట లోతు నీళ్లలో తేలే తాళ్ల మీద కొన్ని ఉంచుకుని, ఎవరి విత్తనం పోయినా మిగిలినవాళ్లు తాడుకింత ఇచ్చేలా పది పన్నెండు ఇళ్లు మాట అనుకున్నాయి. పాస్టర్ గారి సమక్షంలో, చర్చి అయ్యాక. ఇది కాగితం మీద పెట్టమని నేను అడగలేదు. చర్చిలో అన్న మాటకు ఇక్కడ విలువ ఎక్కువ.

మూడోది గుంపుగా అమ్మడం. ఇది నిలబడలేదు. కుపాంగ్ గోడౌన్‌కు నేరుగా అమ్మితే కిలోకి మంచి ధరే వచ్చింది. రెండు మూడు కోతల తర్వాత ఒక్కొక్కరే మళ్లీ పాత వ్యాపారి దగ్గరికి వెళ్లారు. దీన్ని అజ్ఞానం అనుకుంటే పొరపాటు. తాళ్లు అప్పుమీద ఇచ్చేది ఆయనే. కూతురి ఫీజుకు రాత్రికి రాత్రి డబ్బు సర్దేది ఆయనే. పురిటి నొప్పులొస్తే బాఅ ఆస్పత్రికి పికప్ బండి తీసేదీ ఆయనే. కిలో మీద ఆయన మిగుల్చుకునే డబ్బులో ఇవన్నీ కలిసే ఉన్నాయని ఊరికి తెలుసు. ఆయన్ని తప్పించాలంటే ముందు ఆ పనులు చేసే ఇంకో ఏర్పాటు ఉండాలి. ఇప్పుడు మేం ఆడవాళ్ల పొదుపు గుంపులో అత్యవసర అప్పు విడిగా పెట్టించాం. అమ్మకం జోలికి పోలేదు.

నాలుగోది తాటి పాకం. నాకు అన్నిటికన్నా ముఖ్యం ఇదే, అన్నిటికన్నా నెమ్మదిగా నడుస్తున్నదీ ఇదే. పాత మట్టిపొయ్యి కట్టెలు విపరీతంగా తింటుంది. వంటపాక నిండా పొగ, అత్తగారి కళ్లు ఎప్పుడూ ఎర్రగా ఉండేవి. పొగగొట్టం పెట్టి, కుండలు లోపలికి దిగేలా పొయ్యి మార్చాం. కట్టెలు తగ్గాయి, ఆడవాళ్లు పక్క ఊళ్ల నుంచి కూడా చూడ్డానికి వచ్చారు. పాకాన్ని ఇంకా కాచి పొడిగా చేస్తే గులా సెమూట్ అంటారు. అది కుపాంగ్‌లో, పడమటి తీరానికి సర్ఫింగ్‌కు వచ్చే విదేశీయుల హోమ్‌స్టేల్లో మంచి ధరకు పోతుంది. సరుకు ఎంత చేసినా అమ్ముడవుతోంది. సరుకు చేయడానికి రసం చాలడం లేదు. రసం లేకపోవడానికి కారణం చెట్లు లేకపోవడం కాదు, ఎక్కేవాళ్లు లేకపోవడం. ముప్పై ఏళ్లలోపు గీతగాళ్లు ఊరంతటికీ వేళ్లమీద లెక్కపెట్టేంతమంది.

ఎందుకెక్కరని కుర్రాళ్లని అడిగితే మొహమాటం లేకుండా చెప్పారు. పడితే నడుం విరుగుతుంది, ఇన్సూరెన్స్ లేదు. రోజుకు రెండుసార్లు ఎక్కాలి, ఒక్క పూట మానితే గెల ఆరిపోతుంది, కాబట్టి ఇంకో పనికి పోలేం. చెట్టెక్కేవాడికి పిల్లనివ్వడానికి వెనకాడతారు. మన దగ్గర గీత కార్మికుల ఇళ్లల్లో వినే మాటలే ఇవి, అక్షరం మారలేదు. తెలంగాణలో గీత కార్మికులకు సేఫ్టీ మోకుల పంపిణీ జరిగిందని చెప్పి, ఆ వీడియో చూపిస్తే పదిమంది ఫోన్ చుట్టూ మూగారు. ఒకతను దాన్ని మళ్లీ మళ్లీ వెనక్కి జరిపి ముడి ఎలా వేశారో చూశాడు. ఇక్కడి చెట్టుకు సరిపడే మోకు ఊళ్లో తాళ్లతోనే తయారు చేయించే పని మొదలైంది.

యువత సంగతి దాటేయలేను. రోటే వాళ్లకు చదువంటే ప్రాణం. గజ మద విశ్వవిద్యాలయం రెక్టర్‌గా చేసిన హెర్మన్ యోహాన్నెస్, మన రిజర్వ్ బ్యాంకు లాంటి బ్యాంక్ ఇండోనేషియాకు గవర్నర్‌గా చేసిన అద్రియానుస్ మోయ్ ఈ చిన్న దీవి బిడ్డలే. చదివినవాళ్లు వెళ్లిపోతారు, అది తప్పూ కాదు. ఆ ఇంటావిడతో, "అమ్మాయి నర్సింగ్ అయ్యాక ఊరికి వస్తుందా?" అన్నాను. "పుస్కెస్మాస్‌లో ఉద్యోగం ఉంటే వస్తుంది, లేకపోతే ఎందుకు రావాలి?" అంది. పుస్కెస్మాస్ అంటే మన పీహెచ్‌సీ. రెండో కొడుక్కి చదువు మీద ధ్యాస తక్కువ, నీళ్లంటే ఇష్టం. హోమ్‌స్టే వాళ్ల దగ్గర బోటు నడుపుతున్నాడు. పర్యాటకం డబ్బు తెస్తోంది, నిజం. తీరం వెంబడి భూమి కూడా అమ్ముడుపోతోంది. నాచు ఆరబెట్టడానికీ తాళ్లు కట్టుకోవడానికీ ఒడ్డు కావాలి. ఒడ్డు అమ్మేశాక నీళ్లలోకి దారి అడుక్కోవాల్సి వస్తుంది. అమ్మకానికి ముందు ఊరి ఉమ్మడి దారి, మంచెల చోటు గీసి పెట్టుకోండని గ్రామ పెద్దకు గట్టిగా చెప్పాను. ఇది మా ప్రాజెక్టులో లేని పని, అయినా చెప్పాల్సిందే.

తెలుగు తీరంలో పనిచేసే మిత్రుల కోసం ఒక మాట. ప్రధానమంత్రి మత్స్య సంపద యోజన కింద మన దగ్గరా నాచు సాగుకు తెప్పలు, తాళ్లు ఇస్తూ వచ్చారు. ఇదే కప్పాఫైకస్ తమిళనాడులో మండపం దగ్గర 2000ల్లో బాగా నడిచి, 2013 తర్వాత మూకుమ్మడిగా చచ్చి దిగుబడి కుప్పకూలింది. మన ఊళ్లలో మొదలుపెట్టేటప్పుడు ఎకరానికి ఎంత, కిలోకి ఎంత అన్న లెక్కతో పాటు ఇంకొకటి అడగండి: పంట పోయిన ఏడు ఈ ఇల్లు దేనితో గడుస్తుంది? ఆ జవాబులో వచ్చే పని ఏదైనా, వేటగానీ గీతగానీ మేకలగానీ, దానికి కూడా ప్రాజెక్టులో ఒక పద్దు పెట్టండి. నాచు మీద ఆశతో మనుషులు దాన్ని వదిలేయకుండా చూడండి.

రోటే ఊళ్లో తర్వాతి అడుగు గ్రామసభ. 2014 గ్రామ చట్టం తర్వాత ఇండోనేషియాలో ప్రతి ఊరికీ కేంద్రం నుంచి నేరుగా దానా దేశా నిధి వస్తుంది. 2020ల మొదట్లో చాలా ఊళ్లకు ఏడాదికి వంద కోట్ల రుపయాలకు అటూ ఇటుగా ఉండేది, మన లెక్కలో అరకోటి పైచిలుకు. ఇంతవరకు అది ఎక్కువగా రోడ్లకీ కాలవలకీ పోయింది. ఈసారి ఆడవాళ్ల గుంపు మూడు పద్దులు రాసింది: పొగగొట్టం పొయ్యిలు, లోతు నీళ్లలో విత్తనం తాళ్లు, చెట్టెక్కడం నేర్చుకునే కుర్రాళ్లకు మొదటి సీజన్ అంతా రోజు కూలి. మూడోదానికి ఎదురు మాట వచ్చింది, ఎవరి చెట్టు వాళ్లెక్కుకోవడానికి ప్రభుత్వం డబ్బెందుకని. ఇంటాయన లేచి, నేర్పడానికి తనకు కూలి వద్దు, నేర్చుకునేవాడికి ఇస్తే చాలన్నాడు. తీర్మానం వాయిదా పడింది. ఒప్పుకుంటే ఏప్రిల్‌లో గీత మొదలయ్యేనాటికి ఆరుగురు కుర్రాళ్లు సిద్ధంగా ఉన్నారు, వాళ్లలో ఆయన రెండో కొడుకు లేడు.